సున్నం కింద అక్షరాలు

ఈ మాటలు ఇంతకు ముందు రాయలేకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం రాదు, అంతే. యాభై మూడేళ్ళు నిండేదాకా నా సంతకం నా బొటనవేలే.

చిన్నప్పుడు అమ్మ నాట్లకీ కలుపుకీ వెళ్ళేది. నేను చెల్లెల్ని చంకనేసుకుని గట్టు మీద కూర్చునేదాన్ని. బడి కాలవకి అవతలి ఒడ్డున ఉండేది. అక్కడ పిల్లలు గుణింతాలు అరుస్తుంటే ఇవతలికి బాగా వినపడేవి. నేనూ వాళ్ళతో పాటు అరిచేదాన్ని, చెల్లెలు నవ్వేది. అలా గుణింతాలన్నీ నోటికి వచ్చేశాయి గానీ ఏ అరుపు కాగితం మీద ఎలా ఉంటుందో తెలియలేదు. చెల్లెలు నాలుగో ఏట జ్వరం వచ్చి పోయింది. అప్పటికి నాకు పదేళ్ళు. బడి ఈడు దాటిపోయిందని ఎవరో అన్నారు, అమ్మ నమ్మింది. ఆ తర్వాత నన్ను కూడా నాట్లకి తీసుకుపోయింది.

అమ్మ పేరు ఏసుక్రీస్తు తల్లి పేరు. మా వైపు చర్చికి వెళ్ళే కుటుంబాల్లో ఇంటికొకరికి ఆ పేరు ఉంటుంది. ఆదివారం గుళ్ళో ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే నలుగురైదుగురు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. అందుకని ఒకామెని మిల్లు వెనకామె అనీ, ఒకామెని పొడుగామె అనీ అనేవాళ్ళు. మా అమ్మని కాలవ గట్టామె అనేవాళ్ళు. అసలు పేరు చావుకీ పెళ్ళికీ తప్ప అక్కరకు వచ్చేది కాదు.

పెళ్ళయ్యాక నేను విజయవాడ వచ్చాను. మాకు పిల్లలు లేరు. మా ఆయన పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఇద్దరం మూడేళ్ళు కలిసి ఉన్నాం. పన్నెండేళ్ళ కిందట నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. నేను ఆసుపత్రి మంచం మీద ఉండగానే అమ్మ ఇంట్లో కన్నుమూసింది. నాతో ఎవరూ చెప్పలేదు. కుట్లు విప్పిన రోజు మా మేనమామ వచ్చి చెప్పాడు. సమాధి కూడా ఆయనే దగ్గరుండి కట్టించాడట. చూపిస్తాను పద అన్నాడు గానీ నేను మెట్లు దిగే స్థితిలో లేను. ఆ తర్వాత నెలన్నరకే గుండె ఆగి ఆయనా పోయాడు.

నవంబరు రెండున సమాధుల పండగ. ఆ రోజు మా వాళ్ళందరూ తమ వాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళి పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుంటారు. అంతకు ముందు రోజే వెళ్ళి గడ్డి పీకి సున్నం వేసి వస్తారు. మొదటి ఏడు నేను సమాధుల తోటకి వెళ్ళి అక్కడ కాపలా ఉండే ముసలాయన్ని అడిగాను.

"మా అమ్మ సమాధి ఎక్కడ తాతా?"

"పేరేంటి?"

చెప్పాను.

"ఆ పేరా? అదిగో, వేపచెట్టు కింద. మొన్న ఎండాకాలంలో పెట్టారు."

అమ్మ పోయింది ఎండాకాలంలోనే. ఆయన పేరొక్కటే అడిగాడు, నేను పేరొక్కటే చెప్పాను. ఆయనకీ చదువు రాదు.

అప్పటినుంచీ ఏడాదికోసారి ఆ వేపచెట్టు కింద సమాధికి నా చేత్తో సున్నం వేశాను. తలవైపు సిమెంటు పలక ఉంది. పైన పెద్ద అక్షరాలు రెండు. అదే పేరు అయ్యుంటుందని దాని మీద సున్నం పడితే కొంగుతో తుడిచేదాన్ని. కింద చిన్న అక్షరాల వరసలు నాకెందుకులే అని వాటి మీద నుంచే కుంచె లాగేసేదాన్ని. రెండో తారీఖు పని అయ్యాక సాయంత్రం ఐదున్నరకి పూలూ కొవ్వొత్తులూ తీసుకుని వెళ్ళేదాన్ని.

ఏటా ఒక చిరాకు మాత్రం తప్పేది కాదు. ముందు రోజు తెల్లగా సున్నం వేసి వెళితే, మర్నాడు సాయంత్రం నేను వచ్చేసరికి ఆ తెల్లటి సున్నం మీద బొగ్గుతో ఏదో గీసి ఉండేది. తుంటరి పిల్లల పని అనుకునేదాన్ని. ఇద్దరు ముగ్గుర్ని తిట్టాను కూడా. ఎవరో చల్లిన పూలు కూడా కనిపించేవి గానీ, పండగ రోజు అన్ని సమాధుల మీదా చల్లుకుంటూ పోయేవాళ్ళు ఉంటారు కదా అనుకునేదాన్ని. డబ్బాలో మిగిలిన సున్నం తెచ్చుకుని మళ్ళీ దాని మీద పూత వేసి, అప్పుడు కొవ్వొత్తి వెలిగించేదాన్ని.

ఆరేళ్ళ కిందట బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో పనికి చేరాను. కింద భోజనాలు, పైన బారు. నాది పైన, బారు వెనక వంటగదిలో. నిమ్మకాయలు పిండాలి, అల్లం దంచాలి, పంచదార పాకం కాయాలి, టమాటాలు ఉడకబెట్టి రసం వడకట్టాలి. అమ్మ ఉంటే ఆ మెట్లు ఎక్కనిచ్చేది కాదు. నాన్న కల్లుపాక దగ్గర పడిపోతే అమ్మా నేనూ చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తెచ్చుకున్న రోజులు చాలా ఉన్నాయి. మందు వాసన వస్తే అమ్మ ముక్కు మూసుకునేది కాదు, కళ్ళు మూసుకునేది.

అక్కడ మందు కలిపే అతను కొండపల్లి నుంచి రోజూ రైల్లో వస్తాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటాడు. నేను చేసిన రసాలన్నీ సీసాల్లో పోసి, కాగితం టేపు అంటించి, దాని మీద పేరూ తారీఖూ రాసి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. నేను సీసా మూత తీసి వాసన చూసి పోల్చుకునేదాన్ని. పోయిన చలికాలంలో జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. నిమ్మరసం అడిగితే పంచదార పాకం పంపాను. బయట పెద్ద గొడవ అయింది. అతను లోపలికి వచ్చాడు.

"అక్కా, నీకు చదువు రాదా?"

"రాదు తమ్ముడూ."

"ఐదేళ్ళుగా ముక్కుతో నెట్టుకొచ్చావా! నాకు చెప్పొద్దూ?"

"అడిగితే చెప్పేదాన్ని."

"గుణింతాలన్నా వచ్చా?"

"నోటికి వచ్చు." కాలవ గట్టు మీద అరిచినట్టే కా కి కీ అని మొదలుపెట్టాను. వంటవాళ్ళు గరిటెలు ఆపి చూశారు.

"ఇంకేం మరి, సగం అయిపోయినట్టే" అన్నాడు అతను. ఆ రోజు నుంచి సీసాల మీద ఇంగ్లీషు మానేసి తెలుగులో రాయడం మొదలుపెట్టాడు.

అలా వచ్చింది చదువు. మొదట నిమ్మ. తర్వాత అల్లం, పాకం, పుదీనా. ఒక్కో సీసా ఒక్కో పాఠం. ఖాళీ ఉన్నప్పుడు పాత బిల్లుల వెనక రాసి చూపించేవాడు. పోనుపోను టేపుల మీద పేర్లు నేనే రాయసాగాను. ఎర్ర సీసా మాత్రం చివరికి మిగిలింది.

"ఇది టమాటా కదా, చిన్నగా రెండే అక్షరాలు రాశావేంటి?" అని అడిగాను.

"కలిపాక దానికి ఇంకో పేరుంది. చెప్తాను గానీ కోప్పడకూడదు."

చెప్పాడు. మా అమ్మ పేరు. టమాటా రసంలో నిమ్మకాయా ఉప్పూ మిరియాలూ కారం కలిపి, అందులో మందు పోస్తే దానికి అమ్మ పేరే పెట్టారట. పైగా ఆ పేరుకి ముందు ఇంగ్లీషులో నెత్తురు అన్న మాట తగిలించారట. నా రెండు చేతులూ టమాటా గుజ్జుతో ఎర్రగా ఉన్నాయి. పంపు కిందకి పోయి కడిగేసుకున్నాను.

"మందుకి మా అమ్మ పేరు పెడతారా?"

"మీ అమ్మగారిని చూసి పెట్టారా ఏంటక్కా? ఎవరో రాణి అంటారు. కాదు, సినిమాల్లో వేసే ఆవిడ అంటారు. కాదు, ఎక్కడో బార్లో గ్లాసులు అందించే పిల్ల అంటారు. ఎవరి పేరో పెట్టినవాడికే గుర్తుందో లేదో. ఆ పేరుతో ఎంతమంది లేరు?"

"ఎంతమందైనా ఉండనీ. ఈ ఒక్క సీసాకి మాత్రం నేను రాయను."

"సరే, నేనే రాస్తాలే. చదవడమైనా చదువు."

చదివాను. తిట్టుకుంటూనే చదివాను. అమ్మ పేరు నేను మొట్టమొదట చదివింది అక్కడే, ఆ టేపు ముక్క మీద.

ఈ ఏడు నవంబరు ఒకటిన, పొద్దున్నే, ఎప్పటిలాగే సున్నం డబ్బా తీసుకుని సమాధుల తోటకి వెళ్ళాను. ఈసారి హుషారుగా వెళ్ళాను. పలక మీద రెండు అక్షరాల్నీ వేలితో తడిమి పైకి చదివాను. అమ్మ పేరే. కూర్చుని కాసేపు ఏడ్చాను, సంతోషంగానే. తర్వాత కింద వరసలు కూడా చదవాలనిపించింది. వాటి మీద పన్నెండు పూతల సున్నం ఉంది. తాళంచెవితో మెల్లగా గీకాను. ఒక్కో అక్షరం బయటపడుతుంటే కూడబలుక్కుంటూ చదివాను.

ఫలానా ఆయన భార్య అని ఉంది. ఆ ఫలానా ఆయన మా నాన్న కాదు. ఊరి పేరు మా ఊరిది కాదు, హనుమాన్ జంక్షన్ దగ్గర ఏదో ఊరు.

మళ్ళీ చదివాను. నేను తప్పు చదువుతున్నానేమో అనుకున్నాను. కొత్తగా వచ్చిన చదువు కదా, దాని మీద అంత నమ్మకం లేదు. అటుగా పోతున్న కాలేజీ అమ్మాయిని పిలిచి చదవమన్నాను. అదే చదివింది.

కుంచె డబ్బాలో వదిలేసి కొత్త కాపలా అతని దగ్గరికి పరుగెత్తాను. పాతాయన పోయి నాలుగేళ్ళయింది.

"పాత సమాధుల సంగతి నాకెలా తెలుస్తదమ్మా? లోపలంతా ఎతుక్కోండి" అన్నాడు.

వెతికాను. మొదటి వరస నుంచి మొదలుపెట్టి ప్రతి పలకా చదువుకుంటూ పోయాను. నా జన్మలో అన్ని పేర్లు ఎప్పుడూ చదవలేదు. అమ్మ పేరు ఏడు చోట్ల కనిపించింది. కనిపించిన ప్రతిసారీ ఆగి వంగి చూశాను. కింద చదివితే ఇంకెవరి భార్యో, ఎవరి తల్లో. ఒకామె నర్సమ్మట. ఇంకొకటేమో రెండేళ్ళ పాపది. ఉత్తరం వైపు గోడ పక్కన ఒక దాని మీద పేరు తప్ప ఇంకేమీ లేదు, పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన రెండు అక్షరాలు. దాని దగ్గర కాసేపు ఆగాను. కానీ ఆ సమాధి శుభ్రంగా ఉంది. పోయినేటి సున్నం ఇంకా తెల్లగానే ఉంది, కరిగిన మైనం బొట్లున్నాయి, తలవైపు ఎవరో బంతి మొక్క నాటారు. ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారు కాబట్టి అది మా అమ్మది కాదు అనుకుని ముందుకి పోయాను.

గోడ చివర పేర్లు లేని మట్టి దిబ్బలు ఉన్నాయి. వాటి మీద మోకాలెత్తు గడ్డి. వాటిలో ఏదో ఒకటి అమ్మది అనుకున్నాను. పన్నెండేళ్ళు, ఒక్క పూవు లేకుండా, ఒక్క దీపం లేకుండా. నేను ఎవరో తెలియని ఆవిడకి దీపం పెట్టి, అమ్మా అని పిలిచి, నా కష్టాలన్నీ చెప్పుకుని ఇంటికి పోయాను. అమ్మ ఆ గడ్డిలో పడుకుని నా గొంతు వింటూ ఉంది. ఇదొక్కటే ఆలోచన. ఆ రోజు పనిలోకి వెళ్ళలేదు, అన్నం తినలేదు.

ఒకటే దారి కనిపించింది. వేపచెట్టు కింద ఆవిడకి సొంతవాళ్ళు ఎవరైనా ఉంటే పండగ రోజు రాకపోరు. అదే ఎండాకాలంలో వాళ్ళూ పూడ్చి ఉంటే, పక్కన ఎవరిని ఎక్కడ పెట్టారో చూసి ఉండొచ్చు. రెండో తారీఖు తెల్లవారగానే వెళ్ళి ఆ సమాధి పక్కన కూర్చున్నాను.

తొమ్మిది దాటాక వచ్చారు. అరవై ఐదేళ్ళ ఆవిడ, చేతిలో పూల బుట్ట. వెనక నలభై ఏళ్ళ మనిషి, సున్నం డబ్బాతో. నన్ను చూడగానే ఆవిడ ఆగిపోయింది. బుట్ట కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"దొరికావా తల్లీ! అల్లుడుగారూ, చూడండి, సున్నం ఆవిడ దొరికింది!"

నేను లేచి నిలబడ్డాను. "క్షమించండి అక్కగారూ. ఇది మీవాళ్ళదని నాకు నిన్నే తెలిసింది."

"నిన్న తెలిసిందా? ఏటా రాస్తానే ఉన్నాం కదమ్మా!"

"ఏం రాశారు?"

"ఏం రాశారంటావేంటి? ఇదిగో, ఇక్కడ, ఇంతింత అక్షరాలు. మేం బొగ్గుతో రాసి పోవడం, మళ్ళా ఏడు వచ్చేసరికి నువ్వు దాని మీద సున్నం కొట్టేసి ఉండటం. ఈవిడకి మన మీద ఏదో కోపం ఉందిరా బాబూ అనుకున్నాం. ఒకేడు అల్లుడుగారు ఇంకా లావుగా రాశారు. దానికి నువ్వు రెండు పూతలు వేశావు."

అల్లుడు నవ్వాపుకుంటున్నాడు. "నా ఫోన్ నంబరు కూడా రాశానండీ" అన్నాడు. హనుమాన్ జంక్షన్‌లో అతనిది లారీలకి పంక్చర్లు వేసే కొట్టట.

నంబరు నాకు గుర్తుంది. అంకెలు నాకు ముందునుంచీ వచ్చు. సమాధులు కట్టే మేస్త్రీలు గోడల మీద నంబర్లు రాసుకుంటారు కదా, అలాంటివాడెవడో మా అమ్మ సమాధి మీద ప్రకటన రాశాడని ఆ ఏడు మరీ మండిపడ్డాను. రెండు పూతలు వేసింది అందుకే. ఆ మాట చెప్పేసరికి అతను ఇక ఆపుకోలేక గట్టిగా నవ్వేశాడు.

"చదివి కూడా చెరిపేశావనుకున్నాం" అంది ఆవిడ.

"నాకు చదవడం రాదు అక్కగారూ. ఈ ఏడే నేర్చుకున్నాను."

ఆవిడ నడుం మీద చెయ్యి తీసేసింది. నేనే అడిగాను.

"మా అమ్మ ఎక్కడుందో మీకేమైనా తెలుసా?"

"అదే కదమ్మా రాసింది! రా."

నా చెయ్యి పట్టుకుని సమాధుల మధ్య నుంచి తీసుకుపోయింది. ఉత్తరం గోడ పక్కన, బంతి మొక్క ఉన్న సమాధి దగ్గర ఆగింది.

"ఇదే మీ అమ్మ."

"ఎవరో చూసుకుంటున్నారు కదా దీన్ని" అన్నాను.

"మేమే. ఇంకెవరు?"

సమాధి అంచు మీద కూర్చున్నాను. ఆవిడ నిలబడే చెప్పింది.

"మా అమ్మని పూడ్చిన రోజే ఇక్కడ ఒకాయన ఒక్కడే కూర్చుని సిమెంటు మీద మేకుతో రాస్తా ఉన్నాడు. కుడిచేతికి చూపుడువేలు లేదు. రాయలేక తంటాలు పడతన్నాడని నేనే మేకు పట్టుకుని సాయం చేశా. చూస్తే మా అమ్మ పేరే! మా అక్కండీ, అన్నాడు. కూతురికి కడుపు కోసి కుట్లేశారు, ఆసుపత్రిలో ఉంది, ఇంకా చెప్పలేదు, లేచి వస్తే చూపించాలి, అని కళ్ళు తుడుచుకున్నాడు."

మా మేనమామ చూపుడువేలు రైసు మిల్లులో పోయింది. నాకు కుట్లు పడ్డ సంగతి బయటివాళ్ళకి తెలిసే దారే లేదు.

"మొదటి పండక్కి మేం వచ్చేసరికి మా అమ్మకి ఎవరో సున్నం వేసి ఉన్నారు. ఇక్కడ చూస్తే గడ్డి. ఒకే పేరు కదా, ఆ కూతురు పొరబడిందని నాకు అప్పుడే తట్టింది. సాయంత్రం దాకా ఉందామంటే గేదెలకి పాలు తీసేవాళ్ళు లేరు, రెండింటి బస్సుకి పోవాలి. మా అమ్మకి ఎటూ సున్నం అయిపోయింది, తెచ్చింది ఏం చేస్తాం? ఇక్కడ వేశాం. ఆ మొదటేడు నుంచి ఇప్పటిదాకా ఒక్క ఏడు కూడా మానలేదమ్మా. మా అమ్మని నువ్వు చూస్తుంటే మీ అమ్మని చీకట్లో వదిలేస్తామా?"

నాకు ఏడుపు రాలేదు. ఎత్తిన గంప ఎవరో వెనక నుంచి దించినట్టు మెడా భుజాలూ తేలికైపోయాయి. ముందు రోజు నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆకలేస్తోంది అన్నాను. ఆవిడ బుట్ట అడుగునుంచి ఇడ్లీ పొట్లం తీసింది. అమ్మ సమాధి అంచు మీద కూర్చునే ముగ్గురం తిన్నాం.

తిన్నాక వాళ్ళు తెచ్చిన సున్నం నేను అందుకుని అమ్మకి వేశాను. నిన్న వదిలేసిన నా డబ్బా తెచ్చుకుని వేపచెట్టు కింద ఆవిడకి వాళ్ళు వేశారు. రెండు చోట్లా పూలు చల్లి ప్రార్థన చేసుకున్నాం. బస్సు టైమయిందని వాళ్ళు లేస్తుంటే నేను ఆపాను.

"ఒక్కసారి మళ్ళీ రాయండి. చదువుతాను."

"ఇంకెందుకమ్మా, తెలిసిపోయాక?"

"పన్నెండేళ్ళు చదవలేదు కదా."

అల్లుడు బొగ్గు ముక్క వెతికి తెచ్చి, తడారని సున్నం మీద ఎప్పుడూ రాసేదే రాశాడు. నేను వేలు పెట్టుకుని పైకి చదివాను. ఈ సమాధి మా అమ్మది. మీ అమ్మగారిది ఉత్తరం గోడ పక్కన ఉంది. దీపం పెట్టాం. దిగులు పడకండి.

చివరి మాట దగ్గర కొంచెం తడబడ్డాను. ఆవిడ అందించబోయింది. వద్దని నేనే చదివాను.

వాళ్ళు వెళ్ళాక సాయంత్రం దాకా ఉండి, ఇద్దరికీ చెరో కొవ్వొత్తీ వెలిగించి ఇంటికి వచ్చాను. ఆ బొగ్గు రాత మీద మాత్రం సున్నం వేయలేదు.

మర్నాడు పొద్దున పదింటికి పనిలోకి వెళ్ళాను. రెండు రోజుల టమాటాలు బుట్టలో నా కోసం ఎదురుచూస్తున్నాయి. ఉడకబెట్టి, వడకట్టి, సీసాలో పోశాను. కొండపల్లి తమ్ముడు రెండు రోజులూ ఏమైపోయావని అడుగుతూ టేపు చింపి, పెన్ను మూత తీశాడు.

"ఇలా ఇవ్వు" అన్నాను.

"ఎర్ర సీసా అక్కా ఇది."

"తెలుసులే, ఇవ్వు."

రెండు అక్షరాలూ రాసి కింద తారీఖు వేశాను. టేపు వంకరగా అంటుకుంది. ఊడదీసి, తిన్నగా అంటించి, సీసాని నిమ్మరసం పక్కన పెట్టాను.